నోట్స్‌లో ‘రుబాతో’ కనిపిస్తే ఏం చేయాలి? మాట అర్థం, పుట్టుక, సాధన

పియానో, కీబోర్డ్ నేర్చుకుంటున్నవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. “నోట్స్ పైన రుబాటో అని రాసి ఉంది. ఎక్కడ స్లో చేయాలి? ఎంత స్లో చేయాలి?” ప్రతిసారీ విడివిడిగా జవాబు రాసే బదులు, ఈసారి మొత్తం ఒకేచోట పెడుతున్నాను.

ముందుగా ఒక్క మాట. రుబాతోలో స్లో చేయడం సగం పనే. ఒక స్వరం దగ్గర కాస్త ఆగితే, ఆ ఆగిన కాలాన్ని పక్క స్వరాల నుంచి తీసుకోవాలి. ఈ సంగతి మాటలోనే ఉంది. అందుకే వేళ్ల దగ్గరికి వెళ్లేముందు మాట గురించి కొంచెం చెబుతాను.

మాట ఎక్కడిది

ఇటాలియన్‌లో ‘రుబారె’ అంటే దొంగిలించడం. ‘రుబాతో’ అంటే దొంగిలించినది. ‘తెంపో’ అంటే కాలం. రెండూ కలిపి ‘తెంపో రుబాతో’, దొంగిలించిన కాలం. నోట్స్‌లో చాలాసార్లు తెంపో వదిలేసి ఉత్త రుబాతో అనే రాస్తారు. ఈ రుబారె అనే మాట ఇటాలియన్‌కు పాత జర్మన్ తెగల భాషల నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లో మనం వాడే రాబరీ కూడా ఆ వేరు నుంచి మొలిచిందే.

పలకడం మనకు తేలిక. ఇంగ్లిష్ దారిలో వచ్చింది కాబట్టి రుబాటో, టెంపో అంటున్నాం గానీ, ఇటాలియన్ల నోట అది అచ్చంగా మన ‘త’. నాలుక పళ్లకు తగలాలి, ‘బా’ కాస్త సాగాలి. టీచర్ దగ్గర రుబాటో అన్నా ఎవరూ తప్పు పట్టరు. ఇక్కడ మాత్రం రుబాతో అనే రాస్తాను.

మాటకన్నా ముందే పని మొదలైంది. 1638లో వెనిస్‌లో అచ్చయిన ఇటలీ స్వరకర్త మాంతెవెర్ది ఎనిమిదో మాడ్రిగల్స్ (కొన్ని గొంతులు కలిపి పాడే పాటలు) పుస్తకంలో ఒక వనదేవత విలాపం ఉంది. కింద నాలుగు స్వరాలు మెట్లు దిగినట్టు దిగుతూ, మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ దిగుతూ ఉంటాయి. పైన ఆమె ఏడుస్తూ పాడుతుంది. చుట్టూ ఉన్న ముగ్గురు మగ గాయకులు చేతి తాళానికి పాడాలని, ఆమె మాత్రం చేతి తాళానికి గాక మనసులోని భావం నడిచే వేగానికి పాడాలని మాంతెవెర్ది స్వయంగా రాసిపెట్టాడు. చేత్తో తాళం వేస్తూ పాడటం అలవాటున్న మనకు ఈ సూచన చదవగానే అర్థమైపోతుంది. ఆ నాలుగు స్వరాలతోనే కింద మన సాధన కూడా చేయబోతున్నాం.

ఆ తర్వాత 1723లో బొలోన్యాలో పియెర్ ఫ్రాంచెస్కో తోసి గానం నేర్పే పుస్తకం ఒకటి అచ్చు వేశాడు. ఆయన కూడా గాయకుడే. గాయకుడు కాలాన్ని దొంగిలించవచ్చు, కానీ దాన్ని అందంగా తిరిగి ఇచ్చేయాలి, కింద బాస్ (అడుగున నడిచే మంద్ర స్వరాలు) మాత్రం తన నడక తాను నడవాలి అన్నది ఆయన నియమం. రుబాతో గురించి ఆ తర్వాత వచ్చిన చర్చ చాలావరకు ఈ మాట చుట్టూ తిరిగిందే. 1777 అక్టోబరులో మొజార్ట్ ఆగ్స్‌బర్గ్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో కూడా ఇదే విషయం. నెమ్మదైన రచనల్లో తన కుడి చెయ్యి రుబాతో చేస్తున్నా ఎడమ చేతికి ఆ సంగతే పట్టదని, జనానికి ఇది అంతుపట్టడం లేదని రాశాడు. పోలండ్ పియానిస్ట్, స్వరకర్త షోపాన్ తన శిష్యులకు ఎడమ చెయ్యే బృంద నాయకుడని, అది తడబడకూడదని చెప్పేవాడట. ఈ సంగతి శిష్యులే రాసిపెట్టారు.

19వ శతాబ్దం గడిచేకొద్దీ ఇంకో రకం రుబాతో ఎక్కువైంది. ఇందులో రెండు చేతులూ కలిసే ముందుకు వెళ్తాయి, కలిసే వెనక్కి తగ్గుతాయి. ఇప్పుడు మనం కచేరీల్లో, వీడియోల్లో ఎక్కువగా వినేది దీన్నే. ఎడమ చెయ్యి తాళం వదలని మొదటిదాన్ని ‘పాత రుబాతో’ అని, దీన్ని ‘కొత్త రుబాతో’ అని పిలుస్తాను. నేర్చుకునే వరస కూడా అదే. పాతది చేతికి రాకుండా కొత్తదానికి వెళ్తే మిగిలేది ఊగిసలాటే.

ఏమేం కావాలి

- రెండు చేతులతో వాయించడానికి పియానో గానీ కీబోర్డ్ గానీ. 61 కీస్ చాలు.
- మెట్రోనోమ్, అంటే సమంగా తాళం కొట్టే పరికరం. ఫోన్ యాప్ సరిపోతుంది.
- రికార్డ్ చేయడానికి ఫోన్. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- పెన్సిల్, నోట్స్ జిరాక్స్ కాపీ ఒకటి.
- స్టాప్‌వాచ్. అదీ ఫోన్‌లోనే ఉంటుంది.
- తప్పు లేకుండా, నోట్స్ వైపు పెద్దగా చూడకుండా వాయించగలిగే చిన్న ముక్క ఒకటి. అలాంటిది లేకపోతే నేను కింద ఇచ్చిన నాలుగు బార్లు (నోట్స్ మీద రెండు నిలువు గీతల మధ్య ఉండే భాగం ఒక బార్) తీసుకోండి.

రోజుకు 20 నిమిషాల చొప్పున రెండు వారాలు పెట్టుకోండి. ఒక్క రోజులో పూర్తిచేయాలని చూడకండి. చెవికి అలవాటు కావడానికి టైమ్ పడుతుంది.

1. ఏ రుబాతో అడుగుతున్నారో చూసుకోండి

నోట్స్‌లో ఆ మాట చుట్టూ ఏముందో చదవండి. ‘పోకో రుబాతో’ అంటే కొద్దిగా. ‘సెంప్రె రుబాతో’ అంటే పొడవునా. ‘ఆ తెంపో’ కనిపిస్తే అక్కడితో అయిపోయింది, మామూలు నడకకు వచ్చేయాలి.

రుబాతో లాగే కనిపించి మోసం చేసే మాటలు కొన్ని ఉన్నాయి. ‘రాల్లెంతాందో’, ‘రితార్దాందో’ అంటే క్రమంగా నెమ్మదించడం. వీటిలో తిరిగి ఇచ్చే పని లేదు. ‘ఆ పియాచెరె’ అంటే మీ ఇష్టం. ‘సెంత్సా మిసూరా’ అంటే తాళం లెక్కే లేదు. స్వరం మీద విల్లులాంటి గీత, కింద చుక్క ఉంటే అది ‘ఫెర్మాతా’, అక్కడ ఆగాలి. ఇటలీలో బస్ స్టాప్‌ను కూడా ఫెర్మాతా అనే అంటారు. అలా గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు.

జాజ్ నోట్స్‌లో పాట మొదట్లో రుబాతో అని ఉంటే దాదాపుగా తాళం లేని ఆలాపన అని అర్థం. డ్రమ్స్ మొదలయ్యేవరకు లెక్క ఉండదు. హంగరీ జానపదాల గురించి ఆ దేశ స్వరకర్త బార్తోక్ వాడిన ‘పార్లాందో రుబాతో’ అంటే మాట్లాడే లయలో సాగేది. మన పద్య నాటకాల్లో పద్యం అందుకునే తీరు విన్నవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. ఈ రెంటికీ కింది మెట్లు పనికిరావు.

2. రుబాతో లేకుండా వాయించండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. దొంగిలించాలంటే ముందు అక్కడ ఏదో ఒకటి ఉండాలి గదా. సమంగా నడిచే తాళమే లేనప్పుడు మీరు సాగదీసినా వినేవాళ్లకు ఏమీ తెలియదు, తడబడ్డారనుకుంటారు.

సాధనకు నాలుగు బార్లు ఇస్తున్నాను. అన్నీ తెల్ల కీలే. బార్‌కు మూడు బీట్లు.

ఎడమ చెయ్యి, బార్‌కు ఒక స్వరం: ఎ | జి | ఎఫ్ | ఇ
కుడి చెయ్యి, బీట్‌కు ఒక స్వరం: ఇ డి సి | డి సి బి | సి బి ఎ | బి (మూడు బీట్లూ నిలపాలి)

ఎడమ చేతి ఎ, మిడిల్ సి (కీబోర్డ్ మధ్యనుండే సి) కి కింద వచ్చే మొదటి ఎ. కుడి చేతి ఇ, మిడిల్ సి కి పైన వచ్చే రెండో ఇ. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లు ఎ ని షడ్జమం చేసుకుంటే ఎడమ చెయ్యి స ని ద ప, కుడి చెయ్యి ప మ గ | మ గ రి | గ రి స | రి అవుతుంది. అన్నీ నఠభైరవి స్వరాలే. ఎడమ చెయ్యి దిగేది మాంతెవెర్ది వనదేవత కింద దిగే మెట్లే.

మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టండి. అంటే బీట్‌కు ఒక సెకను. నాలుగు బార్లు ఒకసారి వాయిస్తే 12 సెకన్లు, నాలుగు సార్లు వాయిస్తే 48 సెకన్లు. రికార్డ్ చేయండి. ఈ 48 గుర్తుంచుకోండి, చివరి దాకా మనకు కొలత ఇదే.

3. కుడి చేతి స్వరాలను నోటితో పాడండి

గొంతు బాగోలేకపోయినా ఫర్వాలేదు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాడండి. పాడుతున్నప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నారో, ఏ స్వరం మీద గొంతు తనంతట తనే నిలబడాలనుకుందో గమనించండి. పై ముక్కలో చాలామంది మొదటి ‘ఇ’ మీద నిలబడతారు. కొందరు మూడో బార్‌లో ‘సి’ మీద. అక్కడ పెన్సిల్‌తో చిన్న అడ్డగీత పెట్టండి. ఆ స్వరం సాగుతుంది. సాగినదానికి బదులుగా త్వరగా నడవాల్సిన స్వరాల మీద బాణం గుర్తు వేయండి.

నాలుగు బార్లకు ఒక్క అడ్డగీత చాలు. రెండు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

4. ఒక్క స్వరాన్ని సాగదీసి, అదే బార్‌లో తీర్చేయండి

మొదటి బార్ తీసుకోండి. మూడు స్వరాలు, మూడు సెకన్లు. ‘ఇ’ని ఒకటిన్నర సెకను నిలపండి. మిగిలిన ఒకటిన్నరలో ‘డి’, ‘సి’ చెరో ముప్పావు సెకను. రెండో బార్‌లోని ‘డి’ మాత్రం ఎడమ చేతి ‘జి’తో కచ్చితంగా కలిసే పడాలి.

సెకన్ల లెక్క ఊహ కోసమే. వాయించేటప్పుడు లెక్కపెడితే అది లెక్కలాగే వినిపిస్తుంది. మొదట ఇంత మోటుగా, ఎక్కువగా సాగదీసి చేయండి, చేతికి దారి తెలుస్తుంది. తర్వాత తగ్గించండి. అసలు వాయింపులో ఇందులో మూడో వంతు చాలు.

హెచ్చరిక: ‘డి’, ‘సి’ త్వరపడుతున్నాయి కదా అని గట్టిగా కొట్టకండి. తొందర పడే స్వరాలు మెత్తగా ఉండాలి. ఇక్కడ గట్టిగా పడితే వినేవాళ్లకు కంగారుగా వినిపిస్తుంది.

5. మెట్రోనోమ్‌ను బార్‌కు ఒక్క చప్పుడుకు దించండి

60 ని మూడుతో భాగిస్తే 20. మెట్రోనోమ్ 20 దగ్గర పెడితే ప్రతి బార్ మొదట్లో ఒక్క చప్పుడే వస్తుంది. మీ యాప్ అంత కిందికి దిగకపోతే మూడు బీట్ల లెక్క పెట్టి, రెండు, మూడు బీట్లను మ్యూట్ చేయండి.

ఇప్పుడు రెండు చప్పుళ్ల మధ్య కుడి చేతికి పూర్తి స్వేచ్ఛ. ఆగినా, తొందరపడినా, చప్పుడు దగ్గరికి మాత్రం చేరుకోవాలి. ఎడమ చెయ్యి ప్రతి చప్పుడుతోనూ పడాలి. కనీసం మూడు రోజులు ఈ మెట్టు మీదే ఉండండి. రుబాతో అసలు రుచి మొదటిసారి తెలిసేది ఇక్కడే. కింద స ని ద ప కదలకుండా దిగుతుంటే పైన స్వరం వెనకబడి, చివరి క్షణంలో వచ్చి కలుసుకోవడంలో ఉండే హాయి చెబితే తెలిసేది కాదు.

ఇంట్లో రిథమ్ ఉన్న కీబోర్డ్ ఉంటే ఇంకో మంచి దారి ఉంది. మూడు బీట్ల వాల్ట్జ్ రిథమ్ ఏదైనా నెమ్మదిగా పెట్టుకుని దాని మీద వాయించండి. ఆ రిథమ్ మీకోసం ఆగదు, జాలి పడదు. పాత రుబాతోకు అంతకన్నా మంచి తోడు లేదు.

6. స్వరాన్ని బార్ గీత దాటించండి

ఇప్పటిదాకా ఎక్కడి అప్పు అక్కడే తీర్చాం. ఈసారి మూడో బార్ మొదటి స్వరం ‘సి’ని ఆలస్యంగా మొదలుపెట్టండి. ఎడమ చేతి ‘ఎఫ్’ ఒంటరిగా పడుతుంది, అర బీట్ తర్వాత ‘సి’ వస్తుంది. ‘బి’, ‘ఎ’ కాస్త త్వరపడితే నాలుగో బార్‌లో రెండు చేతులూ కలుస్తాయి. తాళంలో అనాగత ఎడుపు తెలిసినవాళ్లకు సమం తర్వాత అందుకోవడం కొత్త కాదు. తేడా ఒక్కటే. అక్కడ ఎడుపు ముందే నిర్ణయమై ఉంటుంది, ఇక్కడ ఎంత ఆలస్యమన్నది వాయించేవాళ్ల చేతిలో ఉంటుంది.

సస్టెయిన్ పెడల్ (కీ వదిలినా స్వరాన్ని నిలిపే పెడల్) వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. పెడల్ మార్చడం ఎడమ చేతి బాస్ స్వరంతో జరగాలి. ఆలస్యంగా వచ్చే కుడి చేతి స్వరంతో పాటు పెడల్ మారిస్తే, అప్పటికి ఎడమ చెయ్యి ‘ఎఫ్’ని వదిలేసి ఉంటే, బాస్ మాయమైపోతుంది. నేను చాలాకాలం ఈ తప్పు చేశాను. కుడి చెయ్యి బాగానే ఉంది, అయినా అడుగు లేని కుండలా వినిపిస్తోందేమిటని తల పట్టుకునేదాన్ని. చివరికి ఫోన్‌ను నేల మీద, పెడల్ పక్కన పెట్టి వీడియో తీసుకుంటే కాలు ఏ చేతి వెంట పోతోందో కనిపించింది.

7. నిజమైన రచనలో ప్రయత్నించండి

షోపాన్ నాక్టర్న్ (రాత్రి వేళను తలపించే పియానో రచన), ఓపస్ 9 నంబర్ 2, ఇందుకు తగినది. 1832లో అచ్చయింది. ఎడమ చెయ్యి మొత్తం ఒకే పని చేస్తుంది. ఒక బాస్ స్వరం, రెండు కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు), మళ్లీ బాస్, మళ్లీ రెండు కార్డ్స్. బార్‌కు ఇలాంటివి నాలుగు. షోపాన్ ఇచ్చిన వేగం చిన్న స్వరానికి 132, అంటే మూడేసి స్వరాల గుంపుకు 44.

వారం రోజులు ఎడమ చెయ్యి ఒక్కటే 44కి వాయించండి. కీబోర్డ్‌లో స్లో రాక్ రిథమ్ ఉంటే దాని నడక కూడా మూడేసి చొప్పునే సాగుతుంది, నెమ్మదిగా పెట్టుకుని ఎడమ చేతికి తోడు చేయండి. బాస్ నుంచి కార్డ్‌కు దూకే చోట వేళ్లకు తడబాటు పూర్తిగా పోయాకే కుడి చెయ్యి కలపండి.

ఆ పాట మొదటి దూకుడు చూడండి. బి ఫ్లాట్ నుంచి పైన జి కి. గొంతుతో పాడితే ఆ జి దగ్గర సహజంగానే కాస్త ఆగుతాం. మొదటి అడ్డగీత అక్కడ పెట్టండి. ఇదే వరస మళ్లీ మళ్లీ వస్తూ, వచ్చినప్పుడల్లా కొత్త నగలు వేసుకుంటుంది. ఎడమ చేతి లెక్కకు సరిపడని చిన్న స్వరాల గుంపులు వస్తాయి. వాటిని భాగహారం చేసి పంచకండి. మొదటి రెండు మూడు స్వరాలు తీరిగ్గా, మిగిలినవి జారిపోతున్నట్టుగా వాయించి, తర్వాతి బాస్ దగ్గర కలవండి. చివర్లో ‘సెంత్సా తెంపో’ అని రాసి ఉన్న చిన్న స్వరాల వరసకు మాత్రం ఏ తాళమూ లేదు, అక్కడ ఎడమ చేతి కాపలా అక్కర్లేదు.

ఈ నాక్టర్న్ మీ స్థాయికి ఎక్కువైతే మన నాలుగు బార్లతోనే కొనసాగండి. రుబాతో నేర్చుకోవడానికి కష్టమైన రచన అక్కర్లేదు.

8. ఇప్పుడు కొత్త రుబాతో

రెండు చేతులూ కలిసి కదలాలి. మన నాలుగు బార్లలో మొదటి రెండు బార్లు కొద్దికొద్దిగా ముందుకు నడిపించండి, మూడో బార్‌లో నిలుపుకోండి, నాలుగో బార్‌లో ఊపిరి తీసుకోండి. మెట్రోనోమ్ ఆపేయండి, ఇక్కడ అది పనికిరాదు.

దొంగిలించినదంతా లెక్కప్రకారం తిరిగి ఇవ్వాల్సిందేనా అని చాలామంది అడుగుతారు. దీనిమీద పెద్ద సంగీతకారుల మధ్యే పేచీ ఉంది. పోలండ్ పియానిస్ట్, 1919లో ఆ దేశ ప్రధాని కూడా అయిన పదెరెవ్‌స్కీ ఈ తిరిగి ఇచ్చే సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. పోయిన కాలం పోయినట్టే అన్నది ఆయన వాదం. నా అభిప్రాయం అడిగితే, నేర్చుకునేవాళ్లు మొదటి ఏడాది లెక్క తీర్చడమే మంచిది. చేతికి బుద్ధి వచ్చాక ఎప్పుడు తీర్చాలో, ఎప్పుడు వదిలేయాలో చెవి చెబుతుంది.

ఎక్కువగా చేసే తప్పులు

ప్రతి వాక్యం చివరా నెమ్మదించడం. నూటికి తొంభై మందిలో కనిపించేది ఇదే. నాలుగు బార్లకోసారి బండి బ్రేక్ వేసినట్టు ఉంటుంది. వినేవాళ్లకు రెండోసారికే తర్వాత ఏం జరుగుతుందో తెలిసిపోతుంది. దీనికి మందు ఏమిటంటే, వారం పాటు వాక్యాల చివర్లను కచ్చితమైన తాళంలో ఉంచి, మధ్యలో మాత్రమే సాగదీయండి.

కష్టమైన చోట ఆగి దానికి రుబాతో అని పేరు పెట్టుకోవడం. ఇది మనకు తెలియకుండానే జరుగుతుంది. నా పాత రికార్డింగ్ ఒకటి విన్నప్పుడు, నేను భావం కోసం ఆగాననుకున్న ప్రతి చోటా ఎడమ చేతికి ఒక పెద్ద దూకుడు ఉందని గమనించాను. పరీక్ష సులువే. మీరు ఆగే చోట్లను నోట్స్ మీద గుర్తుపెట్టండి, పక్కనే వేళ్లకు కష్టమైన చోట్లను ఇంకో రంగుతో గుర్తుపెట్టండి. రెండూ ఒకేచోట పడుతుంటే ముందు వేళ్ల పని చూడాలి.

ప్రతి స్వరానికీ ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి తర్వాత పడటం. ఒకప్పుడు పెద్దపెద్దవాళ్లు ఇలా వాయించిన మాట నిజమే. 1824లో పుట్టిన జర్మన్ పియానిస్ట్ కార్ల్ రైనెకె వాయించినవి కాగితపు పియానో రోల్స్ (వాయింపును చిల్లులుగా పట్టే కాగితపు చుట్టలు) మీద నమోదై మిగిలాయి, వింటే రెండు చేతులూ విడివిడిగా నడుస్తాయి. కానీ ఆయన వినిపించాలనుకున్న స్వరాన్నే విడదీస్తున్నాడు. మనం అలవాటుగా అన్నిటినీ విడదీస్తే అది నత్తిలా వినిపిస్తుంది.

వీడియో చూసి కాపీ చేయడం. ఎవరో ఎక్కడ ఆగారో అక్కడే ఆగితే వాళ్ల ఊపిరిని మనం తీసుకున్నట్టు ఉంటుంది. వినండి, ఒకే రచనను ముగ్గురు వాయించగా వినండి, ముగ్గురూ మూడు చోట్ల ఆగడం గమనించండి. తర్వాత మూసేసి మీ మూడో మెట్టుకు వెళ్లండి.

అడగని చోట రుబాతో. మార్చ్, పరుగు నడకల నాట్య సంగీతం, వేగంగా సాగే ఎక్సర్‌సైజులు వీటిలో అక్కర్లేదు. గ్రేడ్ ఎగ్జామ్‌కు వెళ్తున్నవాళ్లు ఈ విషయం మీ టీచర్‌తో ముక్కముక్కకీ మాట్లాడుకోండి.

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

మొదటి పరీక్ష గడియారం. పాత రుబాతోతో నాలుగు బార్లు నాలుగు సార్లు వాయించి కొలవండి. 48 సెకన్లకు అటూ ఇటూ ఒక సెకను ఉంటే ఎడమ చెయ్యి నిలబడినట్టే. 52 దాటితే దొంగిలించారు, తిరిగి ఇవ్వలేదు. 45 అయితే తీర్చే తొందరలో ఎక్కువ ఇచ్చేశారు. కొత్త రుబాతోకు ఇంత పట్టింపు వద్దు. 50, 51 వచ్చినా బాగానే ఉన్నట్టు, 60 వస్తే వాయించినది రుబాతో కాదు.

రెండో పరీక్ష మీ రికార్డింగ్ మీద మీరే తాళం వేయడం. ఎడమ చేతి స్వరాలకు చెయ్యి వేస్తూ వినండి. ఎక్కడైనా చెయ్యి గాల్లో ఆగి ఎదురుచూస్తే ఆ క్షణం రాసుకోండి. అక్కడ ఎడమ చెయ్యి కుడిచేతి వెంట పోయిందన్నమాట.

మూడోది నాకు బాగా ఇష్టమైనది. సంగీతంతో పరిచయం లేని మనిషిని, ఇంట్లో అమ్మనో నాన్ననో పిలిచి, రుబాతో లేనిది ఒకటి, ఉన్నది ఒకటి వరసగా వినిపించండి. ఏది ఏదో చెప్పకండి. “మధ్యలో ఎక్కడైనా ఆగిపోయానా?” అని మాత్రం అడగండి. అవునంటే ఎక్కువ చేశారు. రెండూ ఒకేలా ఉన్నాయంటే తక్కువ చేశారు. “రెండోది పాడినట్టుంది” అన్నారంటే ఆ రికార్డింగ్‌ను తారీఖు వేసి దాచుకోండి.

పాడేవాళ్లకు, వయొలిన్, ఫ్లూట్ వాయించేవాళ్లకు

మెట్లు ఇవే, కాకపోతే ఎడమ చెయ్యి పని ఇంకొకరు చేస్తారు. తోడు వాయించేవాళ్లతో ముందే మాట్లాడుకోండి. నేను వెనకబడినా మీరు ఆగకండి అని గట్టిగా చెప్పండి, ఎందుకంటే మంచి మనసున్న ప్రతి తోడు కళాకారుడూ మీకోసం ఆగుతాడు, ఆగితే పాత రుబాతో అక్కడితో పోయినట్టే. నోట్స్‌లో ‘కొల్లా పార్తె’ అని ఉంటే మాత్రం తోడు మీ వెంటే రావాలి. తోడు ఎవరూ దొరకకపోతే ఆ స ని ద ప మెట్లను మీరే కీబోర్డ్ మీద పది నిమిషాలు 60కి వాయించి రికార్డ్ చేసుకోండి, దాన్ని స్పీకర్‌లో పెట్టుకుని పైన పాడండి.